నాయిన చేతి కొలత

బిడ్డ బస్సు దిగగానే మొదట ముఖం చూడాలా, సంచీ అందుకోవాలా? ముఖమే చూడాలి. సంచీ సాకుతో తల వంచితే బిడ్డ కనిపెట్టేస్తుంది.

జనగామ బస్టాండు పక్కన రబియా బీ గాజుల కొట్టులో కూర్చుని నర్సయ్య ఆలోచిస్తున్నాడు. లత నాలుగేళ్ల తర్వాత భూపాలపల్లి నుంచి ఇంటికొస్తోంది. “బతుకమ్మకు అక్కకు పెట్టినట్టే నాక్కూడ గాజులు పెడ్తవా నాయినా?” అని మొన్న ఫోన్‌లో అడిగింది. పెడతానన్నాడు. అప్పట్నుంచీ నిద్ర లేదు. బచ్చన్నపేటలో వాళ్ల వాడకట్టంతా పొద్దస్తమానం అరుగుల మీదే ఉంటుంది. మాటిచ్చింది నువ్వు, కొనేది కూడా నువ్వేనని భార్య రాములమ్మ తేల్చేసింది.

రబియా బీ సైజు అడిగింది. నర్సయ్యకు తెలియదు.

“చేతులు జర పెద్దయి. నా పోలికే.”

“అయితె నీ చెయ్యే ఇటియ్యన్నా.”

బెంచీ మీది ఆడవాళ్లు నవ్వారు. “మీసాలకు నల్లగాజులైతె మ్యాచింగైతయి” అంది ఒకామె. నలుగురు నవ్వుతుంటే చేయి చాపి కూర్చోవడం ఎంత కష్టమో నర్సయ్యకు అప్పుడే తెలిసింది. రెండు నిమిషాలకే చెవులు వేడెక్కాయి.

రబియా బీ కణుపులు నొక్కి పట్టి, అన్నిటికంటే పెద్ద పచ్చగాజు ఎక్కించింది. ఎక్కింది గానీ దిగనంది.

“పలగ్గొట్టాల్నా?”

“పండుగపూట పలగ్గొట్టుడేంది? ఉండనీ” అన్నాడు. ఈసారి తనూ నవ్వాడు.

నాలుగేళ్లుగా బిడ్డ ఇంటికి ఎందుకు రాలేదని రబియా బీ అడిగింది.

“నేనే ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన.”

“లవ్ మ్యారేజా?” బెంచీ మీది ఆమె గొంతు తగ్గించింది. నర్సయ్య చేతి గాజును కొంచెం పైకి జరుపుకున్నాడు.

రబియా బీ డజను గాజులు కాగితంలో చుడుతూ అంది: “ఊరోళ్లు నాలుగు దినాలు అంటరు. ఐదోనాడు ఇంకో ముచ్చట దొరుకుతది. నువ్వు మాత్రం బస్సుకాడ పేరువెట్టి గట్టిగ పిలువు. నువ్వే నసిగితె ఊరు ఊకుంటదా? పేరేంది?”

గొంతు సవరించుకున్నాడు. “లత.”

“గట్టిగ.”

“లత!”

రోడ్డు మీద పోతున్న ఇద్దరు వెనక్కి తిరిగారు.

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీది పేరును బొటనవేలితో కప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“నాయినా, రఘునాథపల్లి దాటినం. గాజులు తెచ్చినవా?”

“తెచ్చిన. ఒకటి నా చేతికే ఉన్నది బిడ్డా.”

అటువైపు పెద్ద నవ్వు.

బస్టాండుకు నడుస్తుంటే పచ్చగాజును అందరూ చూస్తున్నారు. మొదట చేతిని జేబులో పెట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం దగ్గరికి వచ్చేసరికి బయటికి తీశాడు. భూపాలపల్లి బస్సు మలుపు తిరిగింది.

నర్సయ్య ఫోన్ తెరిచి, బిడ్డ పుట్టినప్పుడు తాను పెట్టిన ‘కల్యాణ్’ అన్న పేరు చెరిపి, ‘లత’ అని రాశాడు.