కబురు చెప్పే పిల్ల

మా మనవరాలు ఇందుమతిది ఆస్పత్రిలో కబురు చెప్పే ఉద్యోగం. లోపల మనిషి పోతే, బయట కూర్చున్న వాళ్లకు ఇది వెళ్లి చెప్పాలి. ఇప్పుడు ఏ ఉద్యోగంలో చేరినా చేతికి ఒక గాజు తొడుగుతున్నారు కదా, మనసు ఇబ్బంది పడితే అది ఎర్రబడుతుంది. ఇబ్బంది పడేవాళ్లే పనిలో ఎదుగుతారట. నెల రోజులు గాజు తెల్లగా ఉంటే ఇంటికి పంపేస్తారు.

మొదట్లో దాని గాజు నిప్పుకణికలా ఉండేది. "కాలం చేశారండీ" అని మెల్లగా చెప్పేది. అలా చాటు చేసి చెప్పడమంటే ఇబ్బందిని తప్పించుకోవడమేనని పైవాళ్లు కోప్పడ్డారు, "చచ్చిపోయారు" అనమన్నారు. అంది. అనగా అనగా అలవాటైపోయింది. గాజు తెల్లబడి రేపటికి నెల.

ఇవాళ నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా, నీ పేరు పెట్టి ఒకసారి చెప్పి చూడనా?"

"చెప్పవే, నాకేటి. బతికున్నోళ్లని పోయారంటే ఆయుష్షు పెరుగుతాదంట."

నా కళ్లలోకి చూసి, "సూరమ్మ చచ్చిపోయింది" అంది. గాజు తెల్లగానే ఉంది. మళ్లీ అంది. తెల్లగానే ఉంది.

"పాడైపోయిందేమోనే" అన్నాను.

అది గాజు తీసి నా చేతికి తొడిగింది. తొడిగీ తొడగగానే ఎర్రగా మండింది.

"బాగానే ఉంది అమ్మమ్మా" అని, గిన్నె దగ్గరకు లాక్కుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది.