రాతి గీత

“తాతా! కాలు తియ్యి!”

పాతకాలపు పరుగుపందేల మైదానానికి కాపలా ఉండే లాంబ్రినీ ఈల ఊదుతూ పరుగెత్తింది.

ముసలాయన బూట్లు చేత్తో పట్టుకుని, అడ్డంగా కట్టిన తాడు దాటి, రాతిగీత దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలు గీత మీద పెట్టబోయి ఆగిపోయాడు.

గీతంటే వరసగా పరిచిన తెల్లరాళ్లు, వాటిలో చెక్కిన రెండు గాడులు. ఆ గాడుల్లో కాలివేళ్లు ఆన్చి వేల ఏళ్ల కిందటి కుర్రాళ్లు పరుగు అందుకునేవాళ్లు.

“తొక్కితే నా ఉద్యోగం పోతుంది. ఆరు నెలల కాంట్రాక్టు నాది. నీకేం, ఇంటికెళ్లి కాఫీ తాగి పడుకుంటావ్.”

“ఒక్కసారి అమ్మాయ్. వేళ్లు ఆన్చి తీసేస్తాను.”

“ఆన్చి ఏం చేస్తావ్? పరుగెత్తుతావా?”

“బస్సే అందుకోలేను, పరుగేం పరుగు!”

లాంబ్రినీకి నవ్వొచ్చింది. ఆపుకుంది. చనువిస్తే నెత్తికెక్కుతారని ఆమె భయం.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

“ఆ నాలుగో రాయి కింద బోలుగా ఉంటుంది. వానలు పడితే నీళ్లు దిగుతాయి. మీ ఆఫీసరు చెవిన వెయ్యి.”

“ఏ యూనివర్సిటీలో పాఠాలు చెప్పావ్ తాతా?”

“ద్రాక్షతోటలో.”

ఊరికో వెర్రిబాగులవాడు ఉండనే ఉంటాడు, ఈ ఊరికి ఈయన కాబోలు అనుకుంది. పాత్రా పట్నం నుంచి వచ్చిన పిల్ల, ఊళ్లో ఎవరినీ ఎరగదు.

ఈస్టర్ వెళ్లాక మేయరు ఒక ప్రకటన అంటించాడు. రెండు వారాల్లో ఊరివాళ్లకు పరుగుపందెం. ఈ పాత మైదానంలోనే, చెప్పుల్లేకుండా.

ఆ సాయంత్రం ముసలాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

“పేర్లు రాసుకుంటున్నారటగా. నన్నూ రాయి. పరుగెత్తనులే. గీత మీద నిలబడి పక్కకు తప్పుకుంటాను.”

“పందెం పరుగెత్తేవాళ్లకి తాతా, నిలబడేవాళ్లకి కాదు. ఈ రాళ్లకు రెండువేల మూడువందల ఏళ్లు. నీలాంటివాళ్లు జోలికి రాకపోబట్టే ఇన్నాళ్లు మిగిలాయి.”

ఆయన ఆమె వంక చూశాడు. నవ్వాడు. బెంచీ మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత రాలేదు.

మూడు రోజులయ్యేసరికి లాంబ్రినీకి మనసు పీకడం మొదలైంది. ముసలాయన నిలబడితే రాయి అరిగిపోతుందా? అంత మాట ఎందుకన్నాను?

ఆఫీసరును అడిగితే, “పందెం రోజు ఎవరైనా నిలబడొచ్చు, దానికేం!” అనేశాడు.

సంబరంగా జాబితా తీసింది. కలం ఆగిపోయింది. రోజూ చూస్తున్న మనిషి పేరు తను అడగనే లేదు. సిగ్గేసింది. చివరికి ‘తాత’ అని రాసి, గీత మీద మొదటి చోటు ఆయనకు ఉంచింది.

పందెం రోజు తెల్లారినప్పటి నుంచీ గేటు వైపే చూసింది.

వచ్చింది ఆయన కాదు. నల్లబట్టలు కట్టుకున్న ఒకావిడ వచ్చింది. చేతిలో పళ్లెం. పళ్లెంలో ఉడికించిన గోధుమలు, పంచదార, దానిమ్మ గింజలు. పోయినవాళ్ల పేరున పంచేవి.

“తీసుకో అమ్మా. మా నాన్న స్పిలియోస్ పేరున. ఆయన పోయి నిన్నటికి తొమ్మిదో రోజు. రోజూ ఇక్కడికే వచ్చేవాడు. నిన్ను తెగ మెచ్చుకునేవాడు.”

లాంబ్రినీ దోసిలి పట్టింది.

“నన్నా?”

“‘ఆ పిల్ల గట్టిది, ఒక్కణ్ణీ తొక్కనివ్వదు’ అని.”

ఏడుపు తన్నుకొచ్చింది. “ఒక్కసారి నిలబడనిస్తే నా సొమ్మేం పోయేదండీ? పాపిష్టిదాన్ని! అయినా ఆయనకు ఈ గీత మీద అంత ఆశ ఏమిటి?”

ఆవిడ పళ్లెం బెంచీ మీద పెట్టింది.

“నాన్న దీని మీద ఒక్కసారి కూడా కాలు పెట్టి ఎరగడు. మొదట మట్టి కింద ఉండేది, సర్కారువాళ్లు తవ్వి తీశాక తాళ్లు కట్టేశారు. ఈ చోటు అప్పట్లో మా ద్రాక్షతోట. ఇందులో ఈ రాళ్లు బయటపడిన రోజుల్లో, ఊరంతా తమ చేలల్లో దొరికిన పాలరాయిని కాల్చి సున్నం చెయ్యడానికి బట్టీలకు తోలుకుంటుంటే, వీటి మీద మళ్లీ మన్ను కప్పి, అమ్మ తిడుతున్నా జనం నవ్వుతున్నా ఇరవై ఏళ్లు ఆ నేల బీడు పెట్టుకుని కాపాడింది ఆయనేనమ్మా.”