తూరుపు మూల గది

"అవును సార్, నాలుగు డ్యాష్ నూటపన్నెండు, బీచి రోడ్డు, మైపాడు. ఫోన్లో కొట్టి చూడండి, నేరుగా మా గేటు ముందుకే తెస్తుంది."

ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి అశోక్ ఎదురుగా ఓ పెద్దామె ఉత్త కాళ్లతో నిలబడి ఉంది. చెప్పులు గాజు తలుపు బయటే బుద్ధిగా విడిచి వచ్చింది. వెనకాల సంచి పట్టుకుని ఆమె మొగుడు. మనిషి పొడగరే గానీ, ఏనుగు దూరేంత ఎత్తున్న ఆ తలుపు దగ్గర కూడా తల వంచుకుని మరీ లోపలికొచ్చినాడు. అశోక్ నవ్వు ఆపుకోలేకపోయినాడు. విజయవాడ నుంచి ఈ రిసెప్షన్ ఉద్యోగానికొచ్చి వారం కూడా కాలేదు, ఇలాంటి శాల్తీలు తగులుతారని ఎవరూ చెప్పలేదు మరి.

"చెప్పులతోనే రావచ్చమ్మా."

"అలవాటు బాబూ" అనింది ఎలిశబెతు. "మాకొక గది కావాల. కింది అంతస్తులో, తూరుపు మూలది."

"వాస్తు చూస్తారా?"

"చర్చికి పోయేవాళ్లం, మాకు వాస్తుతో ఏం పని? ఈరోజు మా పెళ్లిరోజు. ఏటా ఈ రాత్రి తూరుపు మూల గదిలోనే పడుకుంటాం."

తూరుపంటే సముద్రం వైపు. ముసలాళ్లకు మోజు బాగానే ఉందే అనుకుంటూ అశోక్ ఆధార్ కార్డులు తీసుకున్నాడు. వెనక్కి తిప్పి పిన్ కోడ్ చూసి, వెంటనే బల్ల మీద పెట్టేసినాడు.

"సారీ అమ్మా. లోకల్ కార్డుకు గది ఇవ్వం. దేశమంతా మా హోటళ్లన్నిట్లో ఇదే రూలు."

"ఏం? లోకలైతే ఏం పాపం చేసినాం?"

"ఊళ్లో సొంతిల్లు పెట్టుకుని ఇక్కడ గది ఎందుకని పైవాళ్లు నన్నడుగుతారు."

"ఆ ఇల్లు మా చేతుల్లోంచి పోయింది నాయనా" అన్నాడు తిమోతి. "ఇప్పుడు తడలో కూతురి దగ్గర ఉంటున్నాం."

"మరి కార్డులో అడ్రసు మార్పించుకోవాలి గదండీ."

"మార్చను" అనింది ఎలిశబెతు టక్కున. "ఎవరు చెప్పినా మార్చను."

అంతలో తలుపు తోసుకుని రెజీనా వచ్చింది. తిమోతి చెల్లెలు. రోడ్డుకు అవతల పక్క చిన్న లాడ్జి నడుపుతుంది.

"చెప్పులు చూసి నువ్వేననుకున్నా వదినా! నా లాడ్జి పెట్టుకుని వీళ్లను బతిమాలతావేంది? నేను కార్డూ అడగను, గీర్డూ అడగను. నిన్న కాచిన చేపల పులుసు ఉండాది, ఈపాటికి ముక్కకు బాగా పట్టుంటుంది. పద, పోదాం."

"నీ పులుసు రేపు తింటా. ఈ రాత్రి మాత్రం ఇక్కడే."

"ఈ కంపెనీవాళ్లు నా లాడ్జి స్థలం కూడా అడిగినారన్నా" అని తిమోతి వైపు తిరిగింది రెజీనా. "చచ్చినా ఇయ్యనని మొహమ్మీదే చెప్పినా. నీ పెళ్లానికి చెప్పు, వీళ్ల ముందు చెయ్యి చాపొద్దని."

తిమోతి గొంతు తగ్గించినాడు. "చెల్లెలి దగ్గర హాయిగా ఉంటుంది ఎలిశబెతూ. పద, ఎందుకీ మొండితనం?"

"నువ్వు పోతే పో. నేను కదల్ను."

అశోక్‌కు చిరాకెత్తింది. ఎదురుగా చుట్టాల లాడ్జి, అందులో చేపల పులుసు, మర్యాదలు. అయినా ఏసీ గదే కావాలంట! ఎంత పిచ్చి ఉండాలి?

ఎలిశబెతు అంతటితో ఊరుకుందా! సోఫాలన్నీ వదిలేసి, తూరుపు గోడ దగ్గరికి పోయి, నేల మీద కాళ్లు చాపుకుని కూర్చునింది. అప్పుడే దిగిన టూరిస్టులు చోద్యం చూస్తున్నారు.

"లేవండమ్మా! గెస్టులు చూస్తున్నారు, నా ఉద్యోగం పోతుంది."

"పిలువు మీ మేనేజర్ని. వాళ్ల పైవాణ్ణి కూడా పిలువు. ఎవరొచ్చి లేపుతారో నేనూ చూస్తా."

అశోక్ ఓపిక అయిపోయింది. "ఇదేమన్నా మీ ఇల్లా, ఎక్కడ పడితే అక్కడ కూర్చోడానికి?"

తిమోతి సంచి కింద పెట్టి, పెళ్లాం పక్కనే పోయి కూర్చున్నాడు. ఎలిశబెతు బల్ల మీదున్న కార్డు వైపు వేలు చూపించింది.

"ఆ పిన్ కోడ్ ఒక్కటే చూసి పక్కన పెట్టినావే, దాని పైనున్న అడ్రసు కూడా చదువు బాబూ. అందరికీ వినపడేట్టు చదువు."

అశోక్ విసుగ్గా కార్డు చేతికి తీసుకున్నాడు. "ఇంటి నంబరు నాలుగు డ్యాష్..." అని మొదలుపెట్టి, కార్డును మళ్లీ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు.

కార్డు మీదున్నది ఆ హోటల్ అడ్రసే.