రుచి తెలిసిన మనిషి

"దీంట్ల ఏం కలవలే," అన్నాడు రత్నాకర్, తాటాకు డొప్పను పెదాల నుంచి దించి. "చెట్టు మీదికెల్లి దిగి గంట కూడా కాలే."

కల్లు లొట్టి పట్టుకుని నిలబడ్డ గాలయ్య ముఖం విప్పారింది. "గంటేంది సారూ, మీ కారు సప్పుడు ఇన్నంకనే దించిన. నాలుకంటే గిట్లుండాలె!"

గట్టు మీద కూర్చున్న పరమేశ్ బలవంతంగా నవ్వాడు. మెదక్ ఊరవతలి రిసార్టులో అతను గైడు. 'కల్లు రుచుల యాత్ర' అన్నది రిసార్టు వాళ్ళు పెట్టిన పేరు. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళను నాలుగు వనాలు తిప్పి, తాటికల్లు ఏదో ఈతకల్లు ఏదో రుచి చూపించి, ఫొటోలు తీసి సాగనంపాలి. రెండేళ్ళుగా అవే మాటలు, అవే నవ్వులు. ఈ పొద్దు నవ్వు అసలే రావడం లేదు. పొద్దున్నే సొంత అన్నను మంచానికి కట్టేసి వచ్చాడు.

"ఇప్పుడు ఈతవనం సార్. పాపన్నపేట దిక్కు," అంటూ లేచాడు.

"వద్దు తమ్మీ. మంచి కల్లు తాగనీకె నేను రాలే. జనం రోజూ తాగే దుకాణాలకు తోల్కపో."

"అది బాగుండదు సార్. మత్తుపొడి కలుపుతరు. రిసార్టోళ్ళకు తెలిస్తే నా నౌకరి పోతది."

"తెల్వదు. పా."

మొదటి దుకాణంలో బెంచీల మీద పదిమంది కళ్ళు తేలేసి కూర్చున్నారు. కల్లు పోసే మనిషి పరమేశ్‌ను చూసి ఇకిలించాడు. "ఏం పరమేశూ, రిసార్టు సార్లు మా కాడికొచ్చిండ్రు! సోఫాలెయ్యాల్నా?"

రత్నాకర్ సీసా ఎత్తి రెండు చుక్కలు నాలుక కొసన వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పక్కకు ఉమ్మేశాడు.

"కొని ఉమ్ముతవేంది సారూ? బెంచీల మీదోళ్ళు జూస్తే ఏడుస్తరు!"

రత్నాకర్ సీసా బెంచీ మీద పెట్టి బయటికి నడిచాడు. కారెక్కాక జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "రెండింతలు ఏసిండు. చేతకానోడు కలిపిండు."

రెండో దుకాణంలో "పొడి అదే, కాని సగం పిండి" అన్నాడు. మూడోచోట వాసన చూసి, సీసా పెదవికి తాకించకుండానే పెట్టేశాడు.

పరమేశ్ ఒంట్లో అలసట మెల్లగా వదిలింది. ఇంత నాలుక ఎవరికుంటుంది? ప్రతి దుకాణం గురించి పుస్తకంలో ఎవరు రాసుకుంటారు? మఫ్టీలో వచ్చే ఎక్సైజు వాళ్ళ గురించి వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. ఈ కల్తీ కల్లు మీద వాళ్ళ ఆఫీసులో మూడుసార్లు అర్జీ పెట్టాడు. మూడుసార్లూ కాగితం తీసుకున్నారు, అంతే.

"సార్... మీరు ఆబ్కారోళ్ళా?"

రత్నాకర్ కారు రోడ్డు పక్కన ఆపి అతని వైపు చూశాడు. "అడగకు. నీకే మంచిది."

పరమేశ్‌కు అది చాలు.

"మా అన్న బిక్షపతి సార్. మేస్త్రి. గోడ కడితే దారం పెట్టి చూసే పని లేకుండె. ఇప్పుడు చెంచా గూడ పట్టలేడు. గీ పొడి కల్లు తాగితే పడి ఉంటడు, తాగకపోతే ఆగమాగం. ఇంకో ఏడాది గిట్లనే అయితే మనిషి దక్కడు సార్."

"తాగకపోతే వణుకు ఎప్పుడు మొదలైతది?"

"పొద్దున తాగకుంటే మధ్యాహ్నానికి."

"ఒక్క సీసా తాగితే ఎంతసేపు ఆగుతది?"

"మూడు నాలుగు గంటలు."

రత్నాకర్ ఒక్కో మాటా రాసుకున్నాడు. అన్న బాధను ఒక మనిషి శ్రద్ధగా రాసుకోవడం పరమేశ్ చూడటం ఇదే మొదలు. కళ్ళు తడిసి కిటికీ వైపు తిరిగాడు.

"పొడి తెచ్చేదెవరు?"

పరమేశ్ వెనక్కి తిరిగి రోడ్డంతా చూశాడు. ఆ పేరు అర్జీలో కూడా రాయలేదు. రాస్తే ఇల్లు చేరనివ్వరు.

"నేను చెప్పిన్నని ఎక్కడా రావొద్దు సార్."

"రాదు."

"మదన్ మోహన్ అని. ఆకుపచ్చ వ్యాను. వారానికోసారి, శనారం నాడు వస్తడు. కౌడిపల్లి తొవ్వల మూతబడ్డ రైసుమిల్లు ఉంది, సరుకంత ఆడనే."

చెప్పేశాక గుండె మీద నుంచి బండరాయి దిగినట్టయింది.

రత్నాకర్ కారు దిగి ఫోన్ చేశాడు. మాట స్పష్టంగా వినిపిస్తోంది. "దొరికిండు. మదన్ మోహన్. మూతబడ్డ రైసుమిల్లు. శనారం నలుగురిని పంపు. వాడు మళ్ళ మెదక్ దిక్కు చూడొద్దు."

పరమేశ్ కారు దిగి రెండు చేతులూ జోడించాడు. "సార్, మీ మేలు మరవ. మా వదిన మీ కాళ్ళు మొక్కుతది. ఇగ దుకాణాలన్ని బందయినట్టేనా?"

రత్నాకర్ అతని భుజం తట్టి మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అద్దం దించాడు.

"బందెందుకైతయి?"

పరమేశ్‌కు అర్థం కాలేదు. "మరి... మా అన్న?"

"ఫికరు జెయ్యకు. మీ అన్నకు పొద్దుగూకేదాక వణుకు రాదు." రత్నాకర్ పుస్తకం జేబులో పెట్టుకుని ఇంజన్ ఆన్ చేశాడు. "వాని పొడి కన్న నాది మంచిది."