చదవడానికి మాత్రమే

పదేళ్లుగా నవల రాస్తున్న మొగుడు, పాత నల్లతెర కంప్యూటర్ ముందు కూర్చుని కేకేశాడు. "దీంట్లో దిద్దే ప్రోగ్రాం ఏమైందే?"

"తీసేయించాను. ఇక ఫైలు చదవడమే, దిద్దడానికి వీల్లేదు," అంది భార్య వంటింట్లోంచి. "ఒక్కసారి చివరిదాకా చదవండి."

సణుక్కుంటూనే స్పేస్ బార్ నొక్కుతూ ఒక్కో పేజీ చదివాడు. ఇన్నాళ్లూ దిద్దిన మొదటి అధ్యాయం అయిపోయింది. ఆయన రాసింది అంతవరకే. కానీ మళ్లీ నొక్కితే రెండో అధ్యాయం వచ్చింది. భోజనం మాట మరిచిపోయి సాయంత్రందాకా చదువుతూనే ఉన్నాడు.

"మిగతాదంతా ఎవరు రాశారు?"

"నేనే. మీరు ఆఫీసుకెళ్లాక రోజూ కాస్త రాసుకున్నాను. నిన్ననే మీ దాని కింద చేర్చాను."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది. ఆ మొదటి అధ్యాయం ఒక్కటీ తీసేయ్."