నలభై దాకా

"ముప్ఫై ఒకటి... ముప్ఫై రెండు..."

మళ్లీ అదే గొణుగుడు!

గడ్డకట్టిన సరస్సులో కోసిన మడుగులోంచి, నిచ్చెన పట్టుకుని ఐలి పైకొచ్చింది. చన్నీళ్లలో మునిగొచ్చిన ఒళ్లు కోపంతో మండిపోతోంది.

ఒడ్డున బెంచీ మీద ముసలి తౌనో. పక్కనే మంచు పగలగొట్టే గునపం.

"రోజూ ఏం లెక్కపెడుతుంటారండీ?"

"ఏం లేదమ్మా. ముసలాడి చాదస్తం."

భర్త పోయాక సంతోషం కోసం ఐలి తిరగని చోటు లేదు. ఫిన్లాండ్ చలిని తిట్టుకుంటూ స్పెయిన్ ఎండలో నెల్లాళ్లు పడుకుంది కూడా. చివరికి ఈ మడుగులో మునిగిన అర నిమిషమే ఆమె మనసుకు తెరిపి. దాన్నీ ఈయన పాడుచేస్తున్నాడు.

"మీరు లేకపోతే నాకిక్కడ హాయిగా ఉంటుంది," అనేసింది.

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. "అలాగేనమ్మా," అని గునపం తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి బెంచీ ఖాళీ. మడుగు మాత్రం రోజూ తెరిచే ఉండేది. మంచు ఎవరు పగలగొడుతున్నారో ఐలి అడగలేదు.

"దొరికిందే మార్కెత్తా!" అంది ఓ రోజు, ఒడ్డునున్న ఆవిరిస్నానాల గది, సౌనాలో పొయ్యి చూసుకునే ఆవిడతో. "పక్కన ఎవరూ లేకపోతేనే సంతోషం!"

మార్కెత్తా ఏదో అనబోయి, పొయ్యిలోకి కట్టె తోసింది.

నెల తిరిగాక ఓ ఉదయం మడుగు మూసుకుపోయి ఉంది. బెత్తెడు మందాన మంచు.

గునపం కోసం ఐలి సౌనా వెనక్కి వెళ్లింది.

అక్కడ బోర్లించిన పడవ మీద గొర్రెతోలు, తాడు చుట్ట, గునపం. పడవ ముందు మంచు ఎవరివో బూట్ల కింద నలిగి నున్నబడింది. అక్కణ్ణుంచి చూస్తే మడుగు తిన్నగా కనిపిస్తోంది.

"తౌనో రాత్రి నిద్రలోనే పోయాడు," వెనకనుంచి అంది మార్కెత్తా. "నెలంతా ఇక్కడే కూర్చున్నాడే. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఇక్కడ కూర్చోవడం ఎందుకు?"

"నలభై దాటినా నువ్వు పైకి రాకపోతే దూకడానికి."

ఐలి మడుగు వైపు తిరిగింది. మూసుకుపోయిన మంచు కిందనుంచి ఆ గొణుగుడు వినబడుతున్నట్టే ఉంది.

"నేనాయనకి ఏమవుతానని?"

"నువ్వేమీ కావు... పన్నెండేళ్ల కిందట, 'నువ్వు లేకపోతే నాకు హాయిగా ఉంటుంది' అని మొగుణ్ణి ఇంటికి పంపేసి, ఒక్కతే ఈ మడుగులో దిగి పైకి రాని ఇర్మెలి అని ఒకావిడ ఉండేది. ఆ మొగుడే తౌనో."