రేవు చేరని పడవలు

"ఇవాళ నేను ఓడిపోవాలి. అర్థమైందా?" అన్నాడు బాసు.

ఆటలు తయారుచేసే ఆ చిన్న స్టూడియోలో ఉన్న ముగ్గురు ఉద్యోగులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోన్లో ఆడేదైనా, బల్ల మీద పరిచి ఆడేదైనా, కొత్త ఆటను పరీక్షించే రోజున అక్కడ బాసే గెలవాలి. ఇలాగని ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు. ఒకసారి తను ఓడిపోయిన పాపానికి ఆయన ఆ ఆటనే ఆపించేశాడు. అప్పటినుంచి జీతం మీద ఆశ ఉన్నవాళ్ళంతా ఓడిపోవడం నేర్చుకున్నారు. వెనకాల ఆయన్ని గెలుపయ్య అంటారు.

"వచ్చేది ఎవరనుకున్నారు? అంత పెద్ద కంపెనీ అధిపతి! తనే ఫోన్ చేశాడు. మీ పడవల ఆట చూడాలి, మీతో ఒక మాట మాట్లాడాలి అన్నాడు. అలాంటోడు మనతో మాట్లాడే మాటేంటి? పెట్టుబడే! కాబట్టి ఆయనే గెలవాలి."

"మరి బావా, అలవాటులో మేం నిన్ను గెలిపించేస్తే?" అన్నాడు ప్రోగ్రామరు. అతను బాసు భార్యకు సొంత తమ్ముడు.

"ఆఫీసులో బావా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?"

పడవల ఆట తయారుచేసిన డిజైనరుకు ఒళ్ళు మండింది. ఎన్ని ఆదివారాలు పాడుచేసుకుని ఆమె దాన్ని చెక్కిందో! "సార్, ఈ ఆటను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎవరూ నిజంగా ఆడలేదు. ఇవాళైనా ఆడదాం. ఆయనకి ఆట నచ్చాలి కదా?"

"నీ ఆట నచ్చి ఎవడూ డబ్బు పెట్టడమ్మా. తను గెలిస్తే పెడతాడు. ఆయన కాదంటే బల్ల ఆటల విభాగం మూత. విభాగమంటే ఎవరో తెలుసుగా? నువ్వొక్కదానివే."

ఇంటి అద్దె, అమ్మ మందులు ఆమె నోరు మూయించాయి.

అతిథి వచ్చాడు. ఇస్త్రీ చెదరని కోటు, నిగనిగలాడే బూట్లు. బాసు ఎదురెళ్ళి వంగిన తీరు చూస్తే నడుము మళ్ళీ లేస్తుందా అనిపించింది. విచిత్రమేమిటంటే అతిథి కూడా అంతే వంగాడు.

"చూశారా, ఎంత వినయమో! ఎదిగినకొద్దీ ఒదగడమంటే ఇదే," అని బాసు మురిసిపోయాడు.

ఆట పరిచారు. తలా ఒక పడవ. ఎవరి పడవ ముందు రేవు చేరితే వాళ్ళదే గెలుపు. గాలి కార్డు వేసి ఏ పడవనైనా ముందుకు తోయవచ్చు, తుఫాను కార్డు వేసి ఏ పడవనైనా వెనక్కి నెట్టవచ్చు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే ఆట. దాన్ని ఆ పెద్దమనుషులు ఏం చేశారో చూడండి.

బాసు గాలి కార్డు తీసి అతిథి పడవను తోశాడు. "మీ పడవ ఎంత అందంగా పోతోందో!"

అతిథి వెంటనే తన పడవ మీదే తుఫాను వేసుకున్నాడు. "అయ్యయ్యో, నాకు చేతకాదండీ," అంటూ బాసు పడవకు గాలి అందించాడు.

బాసు కంగారుపడి తన పడవను తనే వెనక్కి ఈడ్చుకున్నాడు. బావమరిది అలవాటు కొద్దీ దాన్ని మళ్ళీ ముందుకు తోశాడు. బల్ల కింద బాసు ఒక్క తన్ను తన్నాడు. అది కాస్తా పక్కనున్న మూడో ఉద్యోగి, బొమ్మలాయనకు తగిలింది.

"అమ్మా!" అన్నాడు బొమ్మలు గీసే ఆ పెద్దాయన.

"మీలాంటి పెద్దల ముందు నేనెంతండీ," అన్నాడు బాసు.

"అంతమాటనకండి. పెద్దలు మీరు," అన్నాడు అతిథి.

టీలు చల్లారిపోయాయి. ఆ ఇద్దరి పడవలూ నడిసముద్రంలో ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉన్నాయి. డిజైనరు తను కన్న బిడ్డను కోతులకు ఇచ్చినట్టు చూస్తూ కూర్చుంది. బాసు పడవను తోస్తే బాసు తంతాడు, అతిథి పడవను తోస్తే అతిథి నొచ్చుకుంటాడు. దిక్కుతోచక బావమరిదీ బొమ్మలాయనా తమ గాలి కార్డులన్నీ ఆమె పడవ మీద వేశారు. అది వచ్చి రేవు ముందు నిలబడింది.

ఆమె వంతు వచ్చింది. చేతిలో ఒక గాలి, ఒక తుఫాను. తుఫాను వేయమని బాసు కళ్ళతోనే ఉరిమాడు. ఆమె ఒక్క క్షణం అమ్మను తలుచుకుంది. తర్వాత గాలి కార్డు తీసి బల్ల మీద చరిచింది.

"నేను గెలిచాను," అంది. ఆ గదిలో ఒక మనిషి నిజంగా ఆడి గెలవడం అదే మొదలు. బొమ్మలాయన చప్పట్లు కొట్టబోయి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"బయటికి పో!" అని అరిచాడు బాసు. "ఈ క్షణం నుంచి నీకు ఉద్యోగం లేదు. సిగ్గుండాలి, ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఓడిస్తావా?"

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దాకా వెళ్ళింది.

బాసు రెండు చేతులూ జోడించి అతిథి వైపు తిరిగాడు. "తలపొగరు మనిషండీ, మనసులో పెట్టుకోకండి. మీరేదో ఒక మాట మాట్లాడాలన్నారు. చెప్పండి సార్, ఏదైనా సరే కాదనను!"

అతిథి మొహం వెలిగిపోయింది. గభాల్న లేచి, డిజైనరు ఖాళీ చేసిన కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"మా కంపెనీ మూతపడిందండీ, ఆవిడ ఉద్యోగం నాకిప్పించండి సార్. ఓడిపోవడం నాకెంత బాగా వచ్చో ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నారుగా!"